లెస్టర్ ఫీల్డ్స్‌లో ఆ రాత్రి: హత్యా, క్షణికావేశమా?

1698 అక్టోబర్ 29, శనివారం రాత్రి. లండన్ స్ట్రాండ్ వీధిలో లాకెట్ అనే ఆయన నడిపే మద్యశాలలో ఆరుగురు కూర్చుని తాగుతున్నారు. వారిక్ ఎర్ల్ (ప్రభువుల్లో ఒక హోదా) ఎడ్వర్డ్ రిచ్, మోహున్ ప్రభువు చార్లెస్, రిచర్డ్ కూట్, కెప్టెన్ ఫ్రెంచ్, కెప్టెన్ జేమ్స్, డాక్‌రా. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. అర్ధరాత్రి దాటాక మాటామాటా పెరిగింది. అక్కడినుంచి కుర్చీ పల్లకీలు ఎక్కి, మైలు దూరం కూడా లేని లెస్టర్ ఫీల్డ్స్ మైదానానికి బయల్దేరారు. దిగేసరికి తగువు ఇటు ముగ్గురు, అటు ముగ్గురు అన్నట్టుగా ఉంది. తెల్లవారకముందే కూట్ ప్రాణం పోయింది.

ఐదు నెలల తర్వాత, 1699 మార్చి 28న, కూట్‌ను హత్య చేశాడన్న అభియోగంపై వారిక్‌ను వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో ఇంగ్లండ్ ప్రభువుల సభ విచారించింది. కూట్ వారిక్ పక్షం మనిషి, పైగా దగ్గరి స్నేహితుడు. సొంత పక్షం వాడు చనిపోతే ఇతని మీద హత్య కేసు ఎలా పెట్టారు? పెట్టాక, హత్య కాదు, నరహత్య మాత్రమే అని ఎలా తేల్చారు? దోషి అని చెప్పిన కాసేపటికే అతను చేతి మీద వాత కూడా లేకుండా ఇంటికి ఎలా వెళ్లిపోయాడు?

ఇవన్నీ పాతకాలపు ప్రభువుల గొడవలని పక్కన పెట్టేయలేం. మన పత్రికల్లో దాదాపు రోజూ కనిపించే ‘క్షణికావేశంలో స్నేహితుడి హత్య’ వార్తల వెనక ఉన్న చట్టం ఇలాంటి రాత్రుల్లోంచే పుట్టింది. ఇంగ్లండ్ న్యాయమూర్తులు తాగి కొట్టుకున్న మగవాళ్ల కేసులు వరసగా చూసి, ‘వేడి మీద చేసిన పని’కి ఒక తూకం, ‘ఆలోచించి చేసిన పని’కి మరో తూకం కట్టారు. మనుషుల బలహీనత మీద దయతోనే కట్టారని నేను నమ్ముతాను. కానీ తొందరపడినవాడికే ఆ దయ దక్కింది. ఆగి ఆలోచించినవాడికి ఉరి మిగిలింది. నిదానమే ప్రధానం అని పిల్లలకు చెప్పుకుంటాం. ఆ చట్టం దగ్గర మాత్రం నిదానమే మెడకు చుట్టుకునేది.

కుర్చీలు మోసినవాళ్లు చెప్పిన కథ

ఆ రాత్రి గురించి మనకు తెలిసినదంతా ఎక్కువగా మద్యశాల పనివాళ్లూ, కుర్చీలు మోసిన బోయీలూ చెప్పిన సాక్ష్యమే. తలుపున్న చిన్న పెట్టెలాంటి కుర్చీకి రెండు పొడుగాటి కర్రలు తొడిగి ముందొకరు, వెనకొకరు మోసేవాళ్లు. కిరాయి కోసం వీధుల్లో కాచుకుని ఉండేవాళ్లు. పెద్దమనుషులు లోపల కూర్చుని మాట్లాడుకునేవన్నీ వాళ్ల చెవిన పడేవి.

గొడవ ఎందుకు మొదలైందో విచారణలో స్పష్టంగా బయటపడలేదు. మద్యశాల కింది భాగంలో కత్తులు దూసిన చప్పుడు విన్నామని పనివాళ్లు చెప్పారు. నాకు నవ్వాలనిపిస్తే నవ్వుతాను, మొహం చిట్లించాలనిపిస్తే చిట్లిస్తాను అని కూట్ అనడం ఒకతను విన్నాడు. ఎవరి నవ్వు ఎవరికి గుచ్చుకుందో తెలియదు. బహుశా నవ్వే కారణం కావచ్చు, నవ్వు సాకు మాత్రమే కావచ్చు. తాగినవాళ్ల మధ్య అంత చిన్న మాట చాలు, ఇంకా పెద్ద కారణం వెతకక్కర్లేదు.

మోహున్ మధ్యలో పడి ఆపాలని చూశాడు. మీరు గోల ఆపకపోతే కాపలా సైనికులను పిలిపిస్తానన్నాడు. తర్వాత వారిక్, మోహున్, కూట్ మూడు కుర్చీల్లో బయల్దేరారు. లెస్టర్ ఫీల్డ్స్‌కి పోనివ్వమని కూట్ అంటున్నాడు, ఇంటికి పోదామని మిగతా ఇద్దరూ అంటున్నారు. సెయింట్ మార్టిన్స్ లేన్ దగ్గర కుర్చీలు ఆపించి, ఈ రాత్రికి వదిలెయ్యమని కూట్‌కు నచ్చజెప్పబోయారు. సరిగ్గా అప్పుడే మరో మూడు కుర్చీలు పక్కనుంచి దాటిపోయాయి. వాటిలో ఫ్రెంచ్, జేమ్స్, డాక్‌రా ఉన్నారు. అవతలివాళ్లు ముందు వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చోవడం కూట్ వల్ల కాలేదు. వేగంగా నడవకపోతే కత్తితో పొడుస్తానని బోయీలను బెదిరించాడు.

ఈ ఒక్క దృశ్యం దగ్గర కాస్త ఆగాలి. రెండు దారులూ అక్కడ తెరిచే ఉన్నాయి. స్నేహితులు వెనక్కి లాగుతున్నారు. ఆ మూడు కుర్చీలు ఇంకో వీధిలోంచి పోయి ఉంటే కూట్ మరునాడు తలనొప్పితో నిద్ర లేచేవాడేమో.

లెస్టర్ ఫీల్డ్స్‌లో బాగా చీకటి. ఆ కాలంలో లండన్ వీధి దీపాలు అర్ధరాత్రి వరకే వెలిగేవి. బోయీలు మైదానం కటకటాల బయట దించి, కొంచెం దూరంలో ఉండిపోయారు. కాసేపటికి ‘కుర్చీ, కుర్చీ’ అని కేక వినపడింది. వెళ్లి చూస్తే ఇద్దరు కలిసి కూట్‌ను పట్టుకుని నిలబెట్టి ఉన్నారు. కటకటాల మీదుగా కుర్చీని లోపలికి ఎత్తమన్నారు. బోయీల వల్ల కాలేదు. కుర్చీ విరిగినా పర్వాలేదు, దానికి వంద పౌండ్లు హామీ ఇస్తామన్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. చేతికి గాయమైన వారిక్, బాగా దెబ్బతిన్న ఫ్రెంచ్ ఇద్దరూ లాంగ్ ఏకర్‌లోని ఒకే స్నానశాలకు చేరారు. అక్కడున్న ఒకే వైద్యుడు ఇద్దరికీ కట్లు కట్టాడు. కాసేపటి కిందట ఎదురెదురుగా కత్తులు పట్టుకున్న మనుషులు పక్కపక్కనే కూర్చున్నారు. వారిక్ కత్తి నిండా నెత్తురు ఉందని స్నానశాల పనివాడు కోర్టులో చెప్పాడు. ఆ నెత్తురు ఎవరిదో చెప్పడం అంత తేలిక కాదు. వారిక్ చేతికే గాయం ఉంది, ఫ్రెంచ్‌కూ గాయం ఉంది, కూట్ ఒంటి మీద రెండు గాయాలున్నాయి.

ఎవరి కత్తి అన్నది ఎందుకు ముఖ్యం కాలేదు

కూట్‌ను పొడిచింది ఎవరో తేలకపోతే వారిక్ మీద హత్య కేసు ఎలా నిలుస్తుందని మనకు అనిపిస్తుంది. అప్పటి చట్టం ఆ చిక్కును ఒక్క సూత్రంతో దాటేసింది. కొట్టుకోవాలనే ఉద్దేశంతో కొందరు కలిసి వెళ్లారనుకుందాం. అక్కడ ఒకరు చనిపోతే, ఎవరి చేతిలోని ఆయుధం తగిలినా, ఆ పోట్లాటకు పూనుకుని వచ్చినవాళ్లందరూ ఆ చావుకు బాధ్యులే. ఇటు పక్షం, అటు పక్షం అన్న తేడా లేదు. అందుకే కూట్‌కు ఎదురు నిలిచిన ఫ్రెంచ్, జేమ్స్, డాక్‌రాల మీదా, అతని పక్కన నిలిచిన వారిక్, మోహున్‌ల మీదా ఒకే చావుకు కేసులు నడిచాయి. ప్రభువులు కాని ముగ్గురినీ ముందు ఓల్డ్ బెయిలీ కోర్టు విచారించి, నరహత్యకు దోషులని తేల్చింది.

హత్య, నరహత్య అని రెండు మాటలు వాడుతున్నాను కాబట్టి వాటి తేడా చెప్పాలి. రెండూ మనిషిని చంపిన నేరాలే. రెంటికీ పాత చట్టం ప్రకారం మరణశిక్షే. వాటిని విడదీసింది చంపినవాడి మనసు. ముందే మనసులో పెట్టుకుని చంపితే హత్య. అప్పటికప్పుడు రేగిన తగువులో, రక్తం మరుగుతున్నప్పుడు చంపితే నరహత్య.

ఆ మరిగే రక్తం ఎంతసేపటికి చల్లారుతుంది? ఈ ప్రశ్న చుట్టూనే ఆ శతాబ్దపు తీర్పులన్నీ తిరిగాయి. ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఎడ్వర్డ్ కోక్ దీనికి దాదాపు మన ఆరుగురి కథలాంటి ఉదాహరణే ఇచ్చాడు. ఇద్దరికి ఉన్నట్టుండి తగువు వచ్చింది. ఫలానా పొలంలో తేల్చుకుందాం అనుకున్నారు. వెంటనే వెళ్లి ఆయుధాలు తెచ్చుకుని, ఆ పొలంలోనే కొట్టుకున్నారు. ఒకడు చచ్చాడు. ఇది హత్య కాదు, ఎందుకంటే ఆయుధాలు తెచ్చుకోవడమూ పొలానికి నడవడమూ ఆ తగువులో భాగమే, రక్తం చల్లారనే లేదు అన్నాడు కోక్. అదే మరునాడు కలుద్దామని అనుకుని కలిసి కొట్టుకుంటే హత్యే. అదే రోజైనా సరే, ఆలోచించుకునేంత వ్యవధి మధ్యలో దొరికితే హత్యే.

ఇప్పుడు సెయింట్ మార్టిన్స్ లేన్‌లో ఆగిన కుర్చీలను మళ్లీ తలుచుకోండి. ఈ రాత్రికి వదిలెయ్ అన్నది మంచి మాట. మనింట్లో ఏ పెద్దాయనైనా అదే చెబుతారు. కానీ ఆ సలహా విని మరునాడు ఉదయం తెలివిగా, చల్లగా, అదే మైదానంలో కలుసుకుని ఉంటే, ఆ చావు కోక్ లెక్క ప్రకారం నిఖార్సైన హత్య అయ్యేది. నరహత్యకు తప్పించుకునే దారి ఉంది, హత్యకు లేదు. కోపం చల్లారితే గొడవే ఉండదు కదా అంటారేమో. గొడవ లేకుండా పోవడానికి కోపం తగ్గితే చాలదు, పరువు కూడా ఒప్పుకోవాలి. ఆ కాలపు పెద్దింటి మగవాడికి అది ఒప్పుకునేది కాదు.

‘రేపటికి స్నేహితులైపోతాం’

పరువు ఎలా పనిచేసేదో చెప్పడానికి ముప్పై ఏళ్ల కిందటి ఇంకో గొడవ చూడాలి. నౌకాదళ కార్యాలయంలో పెద్ద అధికారి శామ్యూల్ పెపీస్ తన దినచర్యలో 1667 జులై 29న దీన్ని రాసుకున్నాడు. సర్ హెన్రీ బెలాసిస్ పార్లమెంటు సభ్యుడు. టామ్ పోర్టర్ అతనికి ప్రాణస్నేహితుడు. ఒక విందులో బాగా తాగి ఉన్నప్పుడు బెలాసిస్ ఏదో సలహా ఇస్తూ కొంచెం గట్టిగా మాట్లాడాడు. పక్కనున్నవాళ్లు ఏంటి, పోట్లాడుకుంటున్నారా అన్నారు. నేను పోట్లాడను, కొడతానంతే అన్నాడు బెలాసిస్. నన్ను కొట్టే మగాడెవడో చూస్తాను అన్నాడు పోర్టర్. బెలాసిస్ చెంప మీద ఒక్కటిచ్చాడు.

జనం విడదీశారు. పోర్టర్ బయటికి వెళ్లాడు, దారిలో కవి డ్రైడెన్ కనిపిస్తే సంగతి చెప్పాడు. ఈ రోజే అతనితో కత్తితో తేల్చుకోవాలి, లేకపోతే రేపటికి మమ్మల్ని మళ్లీ స్నేహితులను చేసేస్తారు, ఆ దెబ్బ నా మీద అలాగే ఉండిపోతుంది అన్నాడు. బెలాసిస్ బండి ఎటు వస్తుందో చూసి చెప్పడానికి డ్రైడెన్ దగ్గరున్న కుర్రాడిని పంపమని అడిగి, కాఫీ హౌస్‌లో కూర్చుని కబురు కోసం ఎదురుచూశాడు. బండి రాగానే ఆపి, దిగమన్నాడు. ఇద్దరూ కత్తులు దూశారు. సిద్ధమేనా అని అడిగి మరీ మొదలుపెట్టారు. బెలాసిస్‌కు గాయం బలంగా తగిలింది. పోర్టర్‌ను దగ్గరికి పిలిచి ముద్దు పెట్టుకున్నాడు. నువ్వు వెళ్లిపోయేదాకా ఎలాగోలా నిలబడే ఉంటాను, ఎవరికీ అనుమానం రాదు, నీకు ఇబ్బంది రాకూడదు అన్నాడు. రెండు వారాలు తిరక్కుండానే చనిపోయాడు.

నేను ఈ భాగాన్ని ఎన్నిసార్లు చదివినా పోర్టర్ మాట దగ్గరే మనసు ఆగిపోతుంది. రాజీ తప్పక జరుగుతుందని అతనికి తెలుసు. ఆ రాజీకే భయపడ్డాడు. కోపం కంటే, కోపం చల్లారిపోతుందన్న టెన్షన్ అతన్ని ఎక్కువగా తరిమింది.

పరువు అతన్ని ఇప్పుడే కొట్టమంటోంది. చట్టం కూడా, తెలిసో తెలియకో, ఇప్పుడే కొడితే మెడ దక్కుతుంది అంటోంది. ఒకదానికొకటి విరుద్ధం అనుకునే ఈ రెండూ ఒకే దిక్కుకు తోశాయి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో స్నేహితుల గొడవలు అంత త్వరగా శవాల దాకా ఎందుకు వెళ్లాయంటే జవాబులో మద్యం ఉంది, నడుముకు ఎప్పుడూ వేలాడే కత్తి ఉంది, రాత్రిపూట గట్టి పోలీసు లేకపోవడం ఉంది. కానీ ఈ తొందర కూడా ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోరు.

ఈ ప్రమాదం పాలకులకు అసలు తెలియదని అనలేం. జేమ్స్ రాజు కాలంలో, 1604లో, కత్తిపోట్ల మీద ప్రత్యేక చట్టం తెచ్చారు. అవతలివాడు ఆయుధం తీయకుండా, ముందు కొట్టకుండా ఉండగా అతన్ని పొడిస్తే, అతను ఆరు నెలల్లోపు చనిపోతే, మనసులో పగ ఉందని రుజువు కాకపోయినా తప్పించుకునే దారి మూసేశారు. ఉద్దేశం మంచిదే. కానీ ముందు కత్తి దూయనిచ్చి, సిద్ధమేనా అని అడిగి మొదలుపెట్టే పెద్దమనుషుల పోట్లాట దాని కిందికి రాదు. మాటలకు మాత్రం న్యాయమూర్తులు గట్టిగానే అడ్డుకట్ట వేశారు. మొహం వంకరగా పెట్టి వెక్కిరించాడని చంపితే హత్యేనని 1600లోనే ఒక తీర్పు వచ్చింది. 1666లో మోర్లీ ప్రభువు మద్యశాల గొడవలో ఒక మనిషిని చంపినప్పుడు, ఎంత కటువైన మాటైనా వట్టి మాట చాలదని న్యాయమూర్తులు తేల్చారు. చెంపదెబ్బ అయితే వేరు.

దోషి ఇంటికెలా వెళ్లాడు

మూడో ముడి అన్నిటికంటే చిక్కుది. నరహత్యకూ మరణశిక్షే అన్నాను. అయినా ఆ నేరానికి ఉరికి వెళ్లినవాళ్లు తక్కువ, ఎందుకంటే ‘మతాధికారి మినహాయింపు’ ఉంది. మధ్యయుగాల్లో చర్చి మనుషులను రాజు కోర్టులు శిక్షించకూడదన్న నియమం నుంచి అది పుట్టింది. చదవడం వచ్చినవాడే చర్చి మనిషి అని పరీక్ష పెట్టారు. మెల్లమెల్లగా చదవగలిగిన ఏ మగవాడైనా దాన్ని వాడుకోవచ్చు అన్నంత దాకా వచ్చింది. సాధారణంగా బైబిల్లోని 51వ కీర్తన మొదటి వచనం చదివించేవారు. దేవా, నన్ను కరుణించు అనే ఆ ఒక్క వాక్యం మెడ కాపాడేది కాబట్టి జనం దాన్ని ‘మెడ వచనం’ అనేవారు. 1489 నుంచి, ఒకే మనిషి రెండోసారి వాడుకోకుండా, బొటనవేలి దగ్గర వాత పెట్టడం మొదలైంది. మనిషిని చంపినవాడికి ఒక అక్షరం, దొంగకు ఇంకో అక్షరం. పదహారో శతాబ్దంలో హత్యను ఈ మినహాయింపు నుంచి తీసేశారు, నరహత్యను ఉంచారు. అందుకే ‘పగతోనా, వేడి మీదా’ అన్న ప్రశ్న ఉరికీ వాతకూ మధ్య గీతగా మారింది. ఆడవాళ్లకు ఈ మినహాయింపు చాలాకాలం లేనేలేదు. 1624లో చిన్న దొంగతనాలకు కొంత ఇచ్చారు, మగవాళ్లతో సమానంగా దక్కింది 1690ల మొదట్లోనే.

ప్రభువులకు ఇంకా సులువు. 1547 నాటి చట్టం ప్రకారం వాళ్లు మొదటిసారి ఇలాంటి నేరం చేస్తే చదవక్కర్లేదు, వాత కూడా పెట్టరు. అడిగితే చాలు.

విచారణలో ఈ వాత ఒక విచిత్రమైన మలుపు తెచ్చింది. ఆ రాత్రి ఎవరు ఎవరితో తలపడ్డారో చెప్పగల ముఖ్యమైన మనిషి ఫ్రెంచ్. వారిక్ అతన్ని తన సాక్షిగా పిలిచాడు. ప్రభుత్వ న్యాయవాదులు అడ్డు చెప్పారు. ఫ్రెంచ్ అప్పటికే నరహత్యకు దోషి. అతనికి మినహాయింపు ఇచ్చారు, కానీ చేతికి వాత ఇంకా పెట్టలేదు. వాత పడితే శిక్ష అనుభవించినట్టు, పరువు తిరిగి వచ్చినట్టు, అప్పుడు అతని ప్రమాణానికి విలువ ఉంటుంది. వాత పడకపోతే అతను ఇంకా దోషే, అతని మాట సాక్ష్యం కాదు. సభ న్యాయమూర్తుల అభిప్రాయం అడిగింది. వాళ్లు ఫ్రెంచ్ సాక్ష్యం చెల్లదన్నారు. చేతి మీద కాలిన మచ్చ లేనందువల్ల, నిజం తెలిసిన మనిషి నోరు మూసేశారు. చట్టం లెక్క చట్టానికి ఉండొచ్చు, కానీ కూట్ ఎవరి చేతిలో పోయాడో తెలుసుకునే అవకాశం అక్కడే చేజారిందని నా బాధ.

చివర్లో ప్రభువులు ఒక్కొక్కరూ, పదవిలో చిన్నవారితో మొదలుపెట్టి, లేచి నిలబడి రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ‘నా గౌరవం సాక్షిగా’ అంటూ తీర్పు చెప్పారు. హత్య కాదు, నరహత్య. కూట్‌తో వారిక్‌కు ఎంత స్నేహమో, అతనికి ఎలా డబ్బు సాయం చేశాడో చెప్పిన సాక్షులు ఉన్నారు. పగ ఉందనడానికి ఏమీ దొరకలేదు. అంతా ఒకే రాత్రి, ఒకే వేడిలో జరిగింది. కోక్ చెప్పిన పొలం ఉదాహరణకు ఇది సరిగ్గా సరిపోతుంది. వారిక్ ప్రభువుల మినహాయింపు అడిగాడు. విచారణకు అధ్యక్షత వహించిన లార్డ్ ఛాన్సలర్ సోమర్స్, ఇది రెండోసారి దొరకదని హెచ్చరించి వదిలేశాడు.

మరునాడు మోహున్ వంతు. అతను మైదానంలో కత్తి పట్టాడని చెప్పిన సాక్షి లేడు, ఆపబోయాడని చెప్పినవాళ్లే ఉన్నారు. నిర్దోషి అన్నారు. అతనికి ఆ సభ కొత్త కాదు. 1692 డిసెంబర్‌లో నటుడు విలియం మౌంట్‌ఫోర్ట్‌ను మోహున్ స్నేహితుడు కెప్టెన్ హిల్ చంపినప్పుడు, పక్కనే ఉన్నందుకు టీనేజీలోనే అదే విచారణ ఎదుర్కొని 69–14 ఓట్లతో బయటపడ్డాడు. 1712లో హైడ్ పార్కులో హామిల్టన్ డ్యూక్‌తో తలపడ్డాడు, ఇద్దరూ చనిపోయారు. కాకపోతే సెయింట్ మార్టిన్స్ లేన్‌లో అతను చేసిన పని మంచిదే, ఆ మాట చెప్పకుండా అతని కథ ముగించడం న్యాయం కాదు.

అక్కడినుంచి మన శిక్షాస్మృతి దాకా

మతాధికారి మినహాయింపును ఇంగ్లండ్ 1827లో రద్దు చేసింది, ప్రభువులది 1841లో పోయింది, ప్రభువుల సభలో విచారణ 1948తో ముగిసింది. కానీ ‘వేడి రక్తం’ అన్న ఆలోచన మిగిలిపోయింది, సముద్రం దాటింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 300వ సెక్షన్లో హత్యకు మినహాయింపులు ఉన్నాయి. మొదటిది తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం. నాలుగోది ముందస్తు పథకం లేకుండా, ఆకస్మిక తగువులో, ఆవేశంలో జరిగిన ఆకస్మిక పోట్లాట. ముందు ఎవరు రెచ్చగొట్టారు, ఎవరు మొదటి దెబ్బ వేశారు అన్నది ముఖ్యం కాదని అందులోనే వివరణ ఉంది. అయితే అనుచితంగా పైచేయి వాడుకోకూడదు, క్రూరంగా ప్రవర్తించకూడదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ నంబరు 101కి మారింది, ఆకస్మికం అన్న షరతు అలాగే ఉంది. మద్యం మత్తులో స్నేహితుడిని కొట్టి చంపిన కేసులో లాయర్లు హత్య నుంచి నేరపూరిత నరహత్యకు దించమని వాదించేది దీని ఆధారంగానే. నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుడిని కాల్చి చంపిన కేసులో 1961లో సుప్రీంకోర్టు, భార్య చెప్పిన విషయానికీ తుపాకీ పేలడానికీ మధ్య గడిచిన సుమారు మూడు గంటలు కోపం చల్లారడానికి చాలని తేల్చింది. కోక్ వేసిన లెక్కే అది.

ఈ లెక్క ఎవరిని దృష్టిలో పెట్టుకుని వేసిందో ఒకసారి చూడాలి. కండబలం ఉండి, చేతిలో ఆయుధం ఉండి, దెబ్బ తగిలిన క్షణంలోనే దెబ్బ వేయగలిగిన మగవాడు. ఏళ్ల తరబడి దెబ్బలు తిని, ఎదురు తిరిగితే తన ప్రాణమే పోతుందని తెలిసిన ఆడమనిషి ఆ క్షణంలో ఏమీ చేయలేదు. ఆమె కోపం ఆలస్యంగా వస్తుంది, భయంతో కలిసి వస్తుంది. ఇంగ్లండ్‌లో కిరణ్‌జీత్ అహ్లువాలియా పదేళ్ల హింస తర్వాత 1989లో నిద్రపోతున్న భర్తకు నిప్పు పెట్టింది, అతను చనిపోయాడు. ఆకస్మికం కాదు కాబట్టి రెచ్చగొట్టారన్న వాదన నిలవలేదు, హత్య కింద జీవిత ఖైదు వేశారు. 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్లీ విచారణ జరపమంది. అదీ రెచ్చగొట్టడం మీద కాదు, ఆమె మానసిక స్థితి మీద. కానీ ఆ కేసు రేపిన చర్చ ఆగలేదు. 2009లో చేసిన చట్టం 2010 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చి పాత నియమాన్ని తీసేసింది. అదుపు తప్పడం ఆకస్మికంగానే జరగాలన్న షరతు ఇప్పుడు ఇంగ్లండ్ చట్టంలో లేదు.

మన దగ్గర మద్రాసు హైకోర్టు 1989లోనే, భర్త పెట్టే హింస భరించలేక పిల్లలతో సహా బావిలో దూకి తాను మాత్రం బతికిన తల్లి కేసులో, ఎన్నాళ్లుగానో పేరుకుపోయిన రెచ్చగొట్టడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చంది. అది ఒక హైకోర్టు తీర్పుగానే ఉంది. కొత్త సంహిత రాసేటప్పుడు ఆ ఆలోచనను సెక్షన్లోకి తెచ్చే అవకాశం ఉండింది. తేలేదు. ‘ఆకస్మిక’ అన్న మాటను అలాగే ఉంచారు. ఏళ్లుగా దెబ్బలు తిన్న భార్య ఈ రోజు సెషన్స్ కోర్టు బోనులో నిలబడితే, ఆమె లాయరు ముందుగా దాటాల్సింది ఆ ఒక్క మాటనే.